గానా: ఉత్తర చెన్నై శోకగీతం

చెన్నై నగరం ఉత్తర భాగంలోని దళిత, శ్రామిక పేటల్లో పుట్టి పెరిగిన పాట గానా. సౌకార్‌పేటకు దగ్గరలోని పులియంతోపు, వ్యాసర్‌పాడి, రాయపురం, కాశిమేడు దీనికి పేరున్న నెలవులు. బయటి శ్రోతలకు ఇది తమిళ సినిమాల్లో కుర్రకారు గంతులేసే హుషారు పాటగానే తెలుసు. ఆ పేటల్లో మాత్రం దీనికి మరో ముఖ్యమైన పని ఉంది. మనిషి పోయిన రాత్రి శవం పక్కన కూర్చుని తెల్లవార్లూ పాడతారు. దాన్ని మరణ గానా అంటారు. పెద్దకర్మ నాడు, ఏడాది తిరిగిన రోజున కూడా పాడించుకుంటారు. గానా ఎందుకు బతికిందో ఈ చావింటి పాటను పట్టుకుంటేనే అర్థమవుతుంది.

ఈ పేటలు ఎలా పుట్టాయో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. సౌకార్‌పేట ఉన్న పెద్దనాయకన్‌పేట, దాన్ని ఆనుకున్న ముత్యాల్‌పేట కలిసి ఈస్టిండియా కంపెనీ కాలంలో బ్లాక్ టౌన్. సెయింట్ జార్జి కోటలో తెల్లవాళ్లు, బయట నల్లవాళ్లు అన్న విభజన పటాల మీదే రాసి ఉండేది. 18వ శతాబ్దం మధ్యలో ఫ్రెంచివారితో యుద్ధాల తర్వాత, కోట చుట్టూ ఖాళీ జాగా ఉండాలని గోడను ఆనుకుని ఉన్న పాత ఊరిని పడగొట్టారు. కొత్త ఊరు ఉత్తరానికి, పడమటికి పెరిగింది. జార్జి టౌన్ అన్న పేరు 20వ శతాబ్దం మొదట్లో వచ్చింది. ఆ వీధుల్లో తెలుగు కోమట్లు, గుజరాతీలు, మార్వాడీలు వ్యాపారాలు చేశారు. ఆ వ్యాపారానికి మూటలు మోసినవాళ్లు, బండ్లు లాగినవాళ్లు, వీధులు ఊడ్చి మలం ఎత్తినవాళ్లు ఊరి అంచుల్లోని వాడల నుంచి వచ్చారు. పెరంబూరు రైల్వే వర్క్‌షాపు, బకింగ్‌హామ్, కర్నాటిక్ బట్టల మిల్లులు, రేవు ఒక్కొక్కటే పెరిగేకొద్దీ పల్లెల నుంచి దళితులు కూలికోసం ఇక్కడికి చేరారు.

వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన మాదిగలను ఇక్కడ అరుంధతీయులని, ఆది ఆంధ్రులని పిలుస్తారు. నగర పారిశుధ్య పనిలో తరాల తరబడి ఎక్కువ భారం మోసింది వీళ్లే. 1920ల నాటికే ఎల్.సి. గురుసామి నాయకత్వంలో అరుంధతీయ మహాజన సభ పనిచేసింది. ఆయన మద్రాసు శాసనమండలిలో కూర్చుని తన జనం చదువు కోసం మాట్లాడారు. గానా పాడే మద్రాసు వాడుక భాషలో తమిళంతో పాటు ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు కలిసి ఉంటాయి. తండ్రిని ‘నైనా’ అని పిలవడం అక్కడ మామూలే.

గానా మొదలు ఎక్కడన్నదానిపై పలు వాదాలున్నాయి. సిద్ధుల తత్వాల నుంచి వచ్చిందని కొందరు, ఫకీర్ల పాటల ప్రభావమని కొందరు, పనిపాటల నుంచి మళ్లిందని కొందరు అంటారు. అన్నిటికీ కొంత ఆధారం పాటలోనే దొరుకుతుంది. దేహం నీటిబుడగ అన్న తత్వం, ఢోలక్ నడక, కూలివాడి గోడు అన్నీ అందులో వినిపిస్తాయి. చేతికి అందినదే వాయిద్యం. బల్ల, కుండ, డబ్బా, కాస్త వీలున్నచోట ఢోలక్, బుల్‌బుల్ తార. సిటీ బస్సుల్లో రేకు మీద దరువేస్తూ కాలేజీ కుర్రాళ్లు పాడే గానా కూడా ఈ కొమ్మదే.

దళితులకు చావుతో ఉన్న సంబంధం కులం అంటగట్టినది. ఊళ్లో ఎవరు పోయినా కబురు మోయాలి, డప్పు కొట్టాలి, పాడె ముందు నడవాలి, కాటిపని చేయాలి. తమిళనాట పరై, తెలుగునాట డప్పు ఆ వెట్టికి గుర్తులయ్యాయి. పైకులాల చావుకు వాయించినవాళ్ల ఇంట్లో మనిషి పోతే ఆ దుఃఖానికి ఊరు తలవంచేది కాదు. మరణ గానా ఆ లోటును తీర్చింది. రిక్షా తొక్కినవాడికీ, రేవులో మూటలు మోసినవాడికీ, చేపలమ్మిన ముసలమ్మకూ ఒక రాత్రంతా సాగే జీవితచరిత్ర దక్కింది.

అది ఎలా సాగుతుందో చూడాలి. సందులో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, అద్దాల ఐసు పెట్టెలో శవం, దండ వేసిన ఫొటోతో బ్యానరు. గాయకుడు వచ్చీరాగానే ఇంటివాళ్ల దగ్గర కూర్చుని వివరాలడుగుతాడు. పోయినవాడి పేరేమిటి, ఏ పని చేసేవాడు, పిల్లలెందరు, ఎవరంటే ప్రాణం, ఎలా పోయాడు. మొదట దేవుణ్నో, ఏసునో, అంబేడ్కర్‌నో తలుచుకుని పాట ఎత్తుకుంటాడు. తర్వాత బతుకు క్షణభంగురమన్న తత్వం. ఆపైన అసలు కథ. అన్న పేరు, చెల్లెలి పేరు, పెద్దకొడుకు పేరు పేరుపేరునా పాటలోకి వస్తాయి. అప్పటిదాకా బిగబట్టుకున్న మనిషి తన పేరు వినపడగానే బావురుమంటాడు. పక్కవాళ్లు పట్టుకుంటారు. పాట ఆగదు. ఇంకాసేపటికి పోయినవాడి అల్లరి, తాగుడు, ప్రేమ వ్యవహారం కూడా దరువెక్కుతాయి. ఏడ్చిన కళ్లే నవ్వుతాయి. ఎవరి దుఃఖం వాళ్లు మూలన కూర్చుని మింగే అవకాశాన్ని ఈ పాట ఇవ్వదు. దాని వైద్యమంతా అక్కడే ఉంది.

అమెరికాలో నల్లజాతివారి సంగీతానికి కూడా ఇలాంటి మూలమే ఉంది. బానిసల కాలం నాటి ఆధ్యాత్మిక గీతాలను 1871లో ఏర్పడిన ఫిస్క్ జూబ్లీ గాయక బృందం ప్రపంచానికి వినిపించింది. నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ 1903లో వెలువరించిన తన ప్రసిద్ధ గ్రంథం చివరి అధ్యాయాన్ని ఆ శోకగీతాలకే కేటాయించారు. న్యూ ఆర్లీన్స్‌లో బ్యాండు శ్మశానం దాకా నెమ్మదిగా విషాద గీతం వాయిస్తుంది. సాగనంపిన తర్వాత తిరుగుదారిలో ఆటపాట మొదలవుతుంది. చెన్నై వీధుల్లో పూలు చల్లుతూ, చావు మేళానికి చిందులేస్తూ సాగే అంతిమయాత్రను చూసి నాగరికులు ముక్కున వేలేసుకుంటారు. న్యూ ఆర్లీన్స్ సంగతి తెలిసినవాళ్లు అంత తొందరపడరు. ఇక్కడివారికీ అక్కడివారికీ మధ్య ఆలోచనల రాకపోకలు కూడా జరిగాయి. బ్లాక్ పాంథర్ల స్ఫూర్తితో 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగులోకి తెచ్చారు.

తెలుగునాట సామూహిక శోకం వేరే దారిలో పాటయ్యింది. 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో భూస్వాముల దాడిలో ఆరుగురు మాదిగలు హతులయ్యారు. ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాలకు పారిపోయిన కుటుంబాల శిబిరం ఉద్యమ కేంద్రమయ్యింది. దళిత మహాసభ పుట్టింది. గద్దర్ కట్టిన కారంచేడు పాట పోయినవాళ్ల కోసం ఏడవడంతో సరిపెట్టక, తిరగబడ్డవాళ్లను పులులని పిలిచింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. దొరికిన శవాలను ఊరి నడుమే సమాధి చేసి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ విడుదల చేసింది. న్యాయస్థానంలో దొరకని ఓదార్పును జనం ఏటేటా ఆ సమాధుల దగ్గర సభలో, పాటలో వెతుక్కున్నారు. కలేకూరి ప్రసాద్ ‘పిడికెడు ఆత్మగౌరవం కోసం’ కవితలో దళితులపై దాడులు చూసిన కీళవేణ్మణి, కారంచేడు, నీరుకొండ ఒకే మనిషి పుట్టిన ఊళ్లవుతాయి. 1995లో వచ్చిన ‘చిక్కనవుతున్న పాట’ సంకలనంతో ఈ గొంతులన్నీ ఒకచోట చేరాయి.

మళ్లీ చెన్నైకి వస్తే, గానాకు సినిమా దారి ముందే తెరుచుకుంది. 1950ల్లో జె.పి. చంద్రబాబు మద్రాసు యాసను తెరమీదికి తెచ్చారు. 1990ల్లో సంగీత దర్శకుడు దేవా గానాను ఇంటింటికీ చేర్చారు. సినిమా దరువును తీసుకుంది, యాసను తీసుకుంది, వెక్కిరింతను తీసుకుంది. చావును మాత్రం చాలాకాలం వాడలోనే వదిలేసింది. గానా అంటే చిల్లర పాటన్న పేరు పడడానికి ఇదే ప్రధాన కారణం. 2012లో పా. రంజిత్ తొలి చిత్రం ‘అట్టకత్తి’లో గానా బాలా గొంతుకు గౌరవమైన చోటు దక్కింది. 2014 నాటి ‘మెడ్రాస్’లో మరణ గానా తన అసలు సందర్భంతో సహా తెరకెక్కింది.

రంజిత్ స్థాపించిన నీలం సాంస్కృతిక కేంద్రం, సంగీతకారుడు తెన్మా కలిసి కట్టిన బృందమే క్యాస్ట్‌లెస్ కలెక్టివ్. కులంలేని తమిళులన్న దళిత మేధావి అయోతిదాసర్ మాట నుంచి ఈ పేరు వచ్చింది. గానా గాయకులు, ర్యాపర్లు, రాక్ వాద్యకారులు కలిసిన ఈ బృందం 2018 జనవరి 6న కీల్పాక్‌లో తొలి కచేరీ చేసింది. మార్గళి నెల, సభల్లో కర్ణాటక సంగీతం మోగే రోజులు. ఆ రోజుల్లోనే రిజర్వేషన్ల మీద, మురుగుగోతుల చావుల మీద చట్టి, ఢోలక్, గిటారు కలిసి మోగాయి.

మురుగుగోతుల చావు ఇక్కడ ఊహ కాదు. చేతులతో మలం ఎత్తించడాన్ని 1993లో, మళ్లీ 2013లో చట్టాలు నిషేధించినా మనుషులను గోతుల్లోకి దించడం ఆగలేదు. కోలార్ గనుల తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు 2014లో ఒక్కో మృతుడి కుటుంబానికి 10 లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023లో మరో తీర్పు దాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం కాగితం మీద మృతుడు ఒక సంఖ్య. గానాలో అతడికి పేరుంది, వీధి ఉంది, ఇష్టమైన కూర ఉంది.

స్త్రీల విషయంలో ఈ చరిత్ర పక్షపాతం చూపింది. శవం చుట్టూ చేరి శోకాలు పెట్టే ఒప్పారి ఆడవాళ్ల కళ. రాత్రంతా మైకు ముందు సాగే గానా మాత్రం మగవాళ్ల చేతిలోనే ఉండిపోయింది. క్యాస్ట్‌లెస్ కలెక్టివ్‌లో పాడిన ఇసైవాణి ఆ గోడను బద్దలు కొట్టారు. 2020లో బీబీసీ ప్రకటించిన వందమంది మహిళల జాబితాలో ఆమె పేరు చేరింది. 2021లో అరివు, ధీ పాడిన ‘ఎంజాయ్ ఎంజామి’ శ్రీలంక తేయాకు తోటల్లో కూలిచేసిన అరివు అవ్వ తరం కథను, ఒప్పారి జీరను కోట్లమందికి వినిపించింది. 2020 డిసెంబరులో మొదలైన ‘మార్గళియిల్ మక్కళిసై’ ఉత్సవంలో ఒప్పారి, గానా, పరై మూడూ వేదిక ఎక్కాయి.