లంఘనం నుంచి లంఖణానికి: జ్వరచికిత్సలో ఒక అపోహ చరిత్ర

‘లంఖణం పరమౌషధం’ అన్న సామెత వినని తెలుగువారు అరుదు. జ్వరం తగిలితే అన్నం మానిపించడం, నీళ్లు సైతం కొలిచి ఇవ్వడం మొన్నమొన్నటి వరకు మన ఇళ్లలో కనిపించిన ఆచారమే. ఆయుర్వేదమే దీనికి మూలమని సమర్థించేవారూ, అందుకే ఆయుర్వేదాన్ని నిందించేవారూ ఉన్నారు. ఇరుపక్షాలవారూ చరకసంహితను సామెత ద్వారానే చదువుతున్నారని నా అభిప్రాయం.

సంస్కృత ‘లంఘన’ శబ్దం తెలుగు వాడుకలో లంఖణం, లంకణం అయింది. ఈ ధ్వనిమార్పు సామాన్యమైనదే. అర్థంలో వచ్చిన మార్పు అలాంటిది కాదు. చరకసంహిత సూత్రస్థానం 22వ అధ్యాయం దేహానికి లాఘవం కలిగించేదంతా లంఘనమే అంటుంది. వమన విరేచనాదులైన 4 శోధనలు, దప్పిక ఓర్చుకోవడం, గాలి, ఎండ, పాచనం, ఉపవాసం, వ్యాయామం కలిసి అది 10 విధాలు. తెలుగులో ఉపవాసం ఒక్కటే మిగిలింది. అయితే ఈ అర్థసంకోచాన్ని పూర్తిగా తెలుగువారి మీదికి నెట్టడం న్యాయం కాదు. ‘లఘి’ ధాతువుకు భోజనం మానడమనే అర్థం ధాతుపాఠ సంప్రదాయంలోనే ఉంది. జ్వర సందర్భంలో ఉపవాసమే ముఖ్యార్థమన్నా ఆక్షేపించనక్కరలేదు.

అసలు నష్టం మినహాయింపులు జారిపోవడంలో ఉంది. చికిత్సాస్థానం 3వ అధ్యాయం జ్వరారంభంలో లంఘనాన్ని విధిస్తూనే క్షయం, వాతం, భయం, క్రోధం, కామం, శోకం, శ్రమల వల్ల పుట్టిన జ్వరాలను మినహాయిస్తుంది. తక్కిన జ్వరాలలోనూ రోగి బలానికి భంగం కలగరాదన్నది నియమం. సామెతలో నియమాలకు చోటుండదు.

దినసంఖ్య సంగతి మరింత పరిశీలించదగినది. తెలుగులో లంఖణం లెక్కపెట్టే నామమైంది: ‘మూడు లంఖణాలు చేశాడు’ అంటే మూడు రోజులు పస్తున్నాడని. చరకసంహిత మాత్రం సరైన లంఘనాన్ని లక్షణాలతో గుర్తిస్తుంది: దేహం తేలికపడటం, నోరు, గొంతు శుభ్రపడటం, మగత తొలగడం, ఆకలిదప్పులు ఒక్కసారే కలగడం. జ్వరాధ్యాయంలో కనిపించే 6 రోజుల గడువు పస్తుకు చెప్పినది కాదు. వమనమో లంఘనమో అయిన రోగికి జ్వరం మెత్తబడేదాకా, లేదా 6 రోజులు, యవాగువు అంటే జావ ఇవ్వాలని ఆ విధి. వాటిలో మొదటిది పిప్పళ్లు, శొంఠి వేసి కాచిన పేలాల జావ. నీటికీ నిషేధం లేదు. వాతకఫ జ్వరాలలో దాహానికి వేడినీరు. దాహజ్వరాలు తగ్గడానికి తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేళ్లు, చందనం, కురువేరు, శొంఠితో కాచి చల్లార్చిన నీరు.

అదే సంహిత అతిలంఘన లక్షణాలనూ చెప్పింది: కీళ్లనొప్పులు, దగ్గు, నోరెండటం, ఆకలి నశించడం, అరుచి, చూపూ వినికిడీ మందగించడం, మనోభ్రమ. వీటిలో ఆకలి నశించడం ప్రమాదకరమైన గుర్తు. పస్తు వల్ల పోయిన ఆకలిని జ్వరం వదలని సూచనగా పొరబడితే మరో లంఖణం కలుస్తుంది. శరీరోష్ణోగ్రత 1 డిగ్రీ సెల్సియస్ పెరిగితే దేహం ఖర్చుచేసే శక్తి సుమారు 10 నుంచి 13 శాతం పెరుగుతుందని ఆధునిక శరీరధర్మశాస్త్రం చెబుతుంది. వారాల తరబడి సాగే టైఫాయిడ్ వంటి జ్వరాలలో ఈ పొరపాటుకు రోగి కండే మూల్యం.

‘పథ్యం’ శబ్దానిదీ ఇంచుమించు ఇదే కథ. శాస్త్రంలో అది రోగికి హితమైన ఆహారవిహారం; రోగం ఉన్నన్నాళ్లూ వర్తిస్తుంది. తెలుగులో నియమాహారమనే అర్థం నిలిచినా, ‘పథ్యం పెట్టారు’ అన్నప్పుడు మాత్రం అది లంఖణాలు ముగిశాక పెట్టే మొదటి ముద్ద.