ఎలక్ట్రిక్ ఎస్‌యూవీకి ట్రైలర్ తగిలిస్తున్నారా? ముందు ఈ 3 లెక్కలు చూసుకోండి!

బరువు లాగడంలో ఎలక్ట్రిక్ ఎస్‌యూవీలు తక్కువేం కాదు. మోటార్ తిరగడం మొదలవగానే గట్టి టార్క్ అందుతుంది. కానీ కారు లాగుతోంది కదా అని ఎంత పడితే అంత తగిలిస్తే ప్రమాదమే. అమెరికాలో అమ్మే టెస్లా మోడల్ వై లెక్కలే చూద్దాం.

టోయింగ్ కెపాసిటీ: టో ప్యాకేజీ ఉంటే గరిష్ఠంగా 3,500 పౌండ్లు, అంటే దాదాపు 1,588 కిలోలు. ఇది ఖాళీ ట్రైలర్ బరువు కాదు.. లోపలి సామానుతో కలిపి.

హిచ్‌పై భారం: ట్రైలర్‌ను కారు వెనుక తగిలించే అమరికే హిచ్. దానిపై నేరుగా పడే బరువు 159 కిలోలు దాటకూడదు. కారు మోసే బరువులో ప్రయాణికులు, లగేజీతో పాటు దీన్నీ కలిపే లెక్కేయాలి. ఈ భారం మరీ తగ్గితే వేగంలో ట్రైలర్ అటూఇటూ ఊగుతుంది. మరీ పెరిగితే కారు ముందు భాగం తేలికై స్టీరింగ్‌పై పట్టు తగ్గుతుంది.

రేంజ్: అసలు చిక్కు ఇక్కడే. ఎత్తైన ట్రైలర్‌ ఉంటే గాలిని చీల్చుకుని వెళ్లడానికే బోలెడు చార్జింగ్ ఖర్చవుతుంది. రేంజ్ సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. పైగా చాలా చార్జింగ్ స్టేషన్లలో ట్రైలర్ విప్పితే గానీ కారు పట్టదు.

అందుకే సామాను సర్దాక ట్రైలర్‌ను తూకం వేయించాలి. వైరింగ్ కలిపాక స్క్రీన్‌పై ట్రైలర్ మోడ్ ఆన్ అయిందో లేదో చూసుకున్నాకే బండి కదిలించాలి.