లష్కరునకు తావిచ్చిన పల్లె

సంక్రాంతి పిదప కొమురవెల్లి మల్లన్న జాతరయందు మొదటి ఆదివారమునకు పట్నం వారమనియు, రెండవ ఆదివారమునకు లష్కర్ వారమనియు పేర్లు. పట్నమనగా హైదరాబాదు, లష్కరనగా సికింద్రాబాదు. పారసీకమున లష్కరనగా సైన్యము. ఆ సైన్యము విడిసిన చోటు ఒక సామాన్యమైన పల్లెకు చేరువ. ఆ పల్లెయే అల్వాల్.

1798లో నిజాం అలీఖాన్ ఆంగ్లేయులతో సైన్యసహాయపు సంధి చేసికొనెను. ఆ సంధి ననుసరించి కుంపిణీ సేనలు హుస్సేన్ సాగరమునకు ఈశాన్యమున, అల్వాల్ వైపు బయళ్లలో డేరాలు వేసెను. ఆంగ్లేయులు ఈ గ్రామమును ‘ఉల్వుల్’ అని వ్రాసికొనిరి. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేర ఆ దండునకు సికింద్రాబాదను నామము కలిగెను. తావిచ్చినది పల్లెగనే యుండెను; తావు పొందినది నగరమయ్యెను.

1874లో వాడి నుండి రైలు సికింద్రాబాదు చేరెను. అటు పిమ్మట మన్మాడునకు సాగిన గోదావరీలోయ రైలుమార్గము అల్వాల్ మీదుగా పోయెను. ఒకవైపు సికింద్రాబాదు, వేరొకవైపు బొల్లారము దండు, నడుమ పల్లె. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో చేరి, పురపాలక సంఘమై, తుదకు 2007 ఏప్రిల్ 16న పదునొకండు ఇతర పురపాలక సంఘములతోను, ఎనిమిది గ్రామపంచాయతీలతోను కూడ మహానగరమున లీనమయ్యెను.

పల్లె నగరమగుటను ప్రభుత్వపు ఉత్తర్వులకంటె పహాణీలు ముందుగా తెలుపును. తరి భూమి మొదట బీడగును, బీడు ఇండ్లస్థలములగును. ఆయకట్టు పోయిన చెరువునకు తూము తీయువాడుండడు, గట్టునకు మన్ను వేయువాడుండడు, కాలువ పూడిక నెత్తువాడుండడు. అంతట శిఖము మీద కన్ను పడును. వాననీటికి క్రయపత్రములు తెలియవు. అది తన పాత దారినే వెదకికొనును. ఆ దారిలో నేడు ఇండ్లున్నవి. అల్వాలులో కొత్త చెరువు, చిన్నరాయుని చెరువు అను పేర్లు వినబడుచునే యున్నవి. వాటి క్రింద పండిన పొలముల పేర్లు చెప్పగలవారు అరుదు.

నగరము వలన బడి, వైద్యము, కొలువు చేరువగుట నిజము. దానిని తక్కువచేయరాదు. కాని లాభమును లెక్క వ్రాసినవారు నష్టమును గూడ వ్రాయవలెను. ఒక పుట మాత్రమే నింపినచో అది లెక్క కానేరదు.

ఈ కథ కొమురవెల్లికి దూరము కాదు. రాజీవ్ రహదారి అల్వాల్ మీదుగానే వచ్చును. 2023 అక్టోబరు 3న సికింద్రాబాదు నుండి సిద్దిపేటకు రైలు మొదలయ్యెను. 2024 ఫిబ్రవరిలో కొమురవెల్లి స్టేషనునకు శంకుస్థాపన జరిగెను. భక్తులు వచ్చు దారిననే భూముల బేరములు గూడ వచ్చును. కావున ఊరిలోని ప్రతి చెరువు, కుంట, తూము, మత్తడి, పొలిమేరరాయి పేరును పెద్దల నోట విని, ఒక పుస్తకమున కెక్కించి గ్రంథాలయమున నుంచుట యుక్తము. అల్వాల్ పొలములకు అట్టి పుస్తకము దొరకుట యరుదు; కొమురవెల్లి పొలములు ఇంకను పొలములుగనే యున్నవి.