క్లినికల్ ట్రయల్ కోఆర్డినేటర్ల నైపుణ్యాలు, పనిభారం

కొత్త మందులు, టీకాలు మనుషులకు ఎంతవరకు సురక్షితమో, ఎంత బాగా పనిచేస్తాయో తెలుసుకొనుటకు జరిపే పరీక్షలను క్లినికల్ ట్రయల్స్ అంటారు. ఆసుపత్రిలో ప్రధాన పరిశోధకుడైన వైద్యుని పర్యవేక్షణలో ఈ పరీక్షల రోజువారీ పనులను నడిపే వ్యక్తి క్లినికల్ ట్రయల్ కోఆర్డినేటర్. మందు తయారీ సంస్థ తరఫున వచ్చి రికార్డులను తనిఖీ చేసే మానిటర్ ఉద్యోగం దీనికి భిన్నమైనది.

విధులు

అర్హులైన రోగులను గుర్తించడం, పరీక్ష వివరాలను వారికి అర్థమయ్యే భాషలో చెప్పి అంగీకార పత్రం తీసుకొనుటలో వైద్యునికి తోడ్పడడం, రక్త నమూనాలు పంపడం, మందుల లెక్క చూడడం, వివరాలను నమోదు చేయడం, ఎథిక్స్ కమిటీకి పత్రాలు సమర్పించడం ముఖ్యమైన విధులు.

నైపుణ్యాల అంచనా

క్లినికల్ ట్రయల్స్ సిబ్బందికి ఉండవలసిన సామర్థ్యాలను ఒక అంతర్జాతీయ ఉమ్మడి కార్యదళం 2014లో 8 విభాగాలుగా ప్రకటించింది. శాస్త్రీయ భావనలు, నైతికత-భద్రత, ఔషధాభివృద్ధి-నియంత్రణ, ట్రయల్ నిర్వహణ, కేంద్ర నిర్వహణ, సమాచార నిర్వహణ, నాయకత్వం, సంభాషణ-బృందకృషి అనేవి ఆ విభాగాలు. 2018లో వీటికి ప్రాథమిక, నిపుణ, ఉన్నత అనే 3 స్థాయిలను చేర్చారు. దీనివలన ఎంతకాలం పనిచేశారన్నదే కాక, ఏ పనిని ఎంత స్వతంత్రంగా చేయగలరన్నది కూడా అంచనా వేయవచ్చును.

పనిభారం కొలత

ట్రయల్స్ సంఖ్యను గాని, రోగుల సంఖ్యను గాని లెక్కించినంత మాత్రాన పనిభారం తెలియదు. ఏడాదికి రెండుసార్లు ఫోనులో పలకరించవలసిన రోగి, వారంవారం కీమోథెరపీకి వచ్చే రోగి లెక్కలో సమానమే గాని పనిలో సమానం కారు. అందుచేత కెనడాలోని ఒంటారియోలో కాన్సర్ ట్రయల్స్ కొరకు, వాటి సంక్లిష్టతను 1 నుండి 8 వరకు సూచించే ఓపాల్ అనే కొలమానాన్ని రూపొందించి, 2011లో ప్రచురించారు. అమెరికాలోని విచిటా కాన్సర్ పరిశోధన కేంద్రం 1 నుండి 4 వరకు స్కోరును వాడింది.

ఉదాహరణకు, 4 స్థాయి స్కోరులో ఒక కోఆర్డినేటర్ వద్ద స్కోరు 1 గల ట్రయల్ లో 30 మంది, మరొకరి వద్ద స్కోరు 4 గల ట్రయల్ లో 12 మంది ఉన్నారనుకుందాం. సంఖ్యను స్కోరుతో గుణిస్తే మొదటివారి భారం 30, రెండవవారి భారం 48 అవుతుంది. తక్కువ మంది రోగులున్న వ్యక్తికే ఎక్కువ పని ఉన్నట్లు దీనివలన తెలుస్తుంది.

భారతదేశంలో

2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమావళి ప్రకారం తీవ్రమైన దుష్ఫలితాన్ని పరిశోధకుడు 24 గంటలలో తెలియజేయవలెను. కొత్త రసాయన ఔషధాల ట్రయల్స్ లో బలహీన వర్గాల వారి అంగీకార ప్రక్రియను దృశ్య-శ్రవణ రూపంలో రికార్డు చేయవలెను. ఆచరణలో ఈ పనుల ఏర్పాట్లు ఎక్కువగా కోఆర్డినేటర్లపైనే పడతాయి.

అంగీకార ప్రక్రియలో లోపం ఎంత తీవ్రమైనదో తెలుగువారికి పరిచయమే. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ టీకా ఇచ్చిన ప్రాజెక్టులో అనేక పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. 2010లో ప్రాజెక్టును నిలిపివేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీనిని తీవ్రంగా తప్పుపట్టింది.

ప్రాముఖ్యత

పనిభారం మితిమీరినప్పుడు ముందుగా తగ్గేది రోగికి వివరించుటకు, అతడు చెప్పేది వినుటకు కేటాయించే సమయం. చిన్న లక్షణం నమోదు కాకపోతే దుష్ఫలితం ఆలస్యంగా బయటపడవచ్చును. కావున పనిభారాన్ని సరిగా కొలవడం ఉద్యోగుల సౌకర్యానికే కాక, ట్రయల్ లో పాల్గొనే వారి రక్షణకు కూడా అవసరం.