మెట్ట రైతుకు అప్పే పెట్టుబడి
పాలమూరు, నల్గొండ చిన్న కమతాల పేదరికానికి మూలాలివీ

రెండున్నర ఎకరాల లోపు భూమి గలవారిని సన్నకారు, ఐదెకరాల లోపు గలవారిని చిన్నకారు రైతులుగా పరిగణిస్తారు. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల మెట్ట ప్రాంతాల్లో వీరు భూమి ఉండీ పేదలుగానే మిగలడానికి కారణం ఒక్కటి కాదు. నేల, నీరు, పంట, అప్పు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి.

నేల, నీరు: ఇక్కడి ఎర్ర చెల్క నేలలు తేమను ఎక్కువ రోజులు నిలుపుకోలేవు. వానకు, వానకు మధ్య ఎడం పెరిగితే పైరు వాడుతుంది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలను మాగాణిగా మార్చింది. ఎత్తున ఉన్న దేవరకొండ, మునుగోడు భూములకు ఆ కాలువ నీరు ఎక్కలేదు. చెరువులు పూడి, బావులు ఎండడంతో రైతులు బోర్లను ఆశ్రయించారు. నీరు పడకపోయినా బోరు వేయించిన అప్పు మాత్రం మిగులుతుంది.

పంట: జొన్న, ఆముదం తక్కువ పెట్టుబడి పంటలు. జొన్నతో ఇంటికి తిండి, పశువులకు చొప్ప దక్కేవి. వాటి స్థానంలోకి వచ్చిన పత్తికి విత్తనం, ఎరువు, మందు అన్నీ కొనవలసిందే. 2002లో అనుమతి పొందిన బీటీ సంకర విత్తనాన్ని ఏటా కొత్తగా కొనాలి.

అప్పు: బ్యాంకు రుణం అందని రైతు దుకాణంలో ఉద్దెర తెచ్చి, పంటను అక్కడే అమ్ముతాడు. ధర చెప్పేది దుకాణదారే. 50 వేల రూపాయలకు నెలకు నూటికి 3 రూపాయల చొప్పున పది నెలల వడ్డీ 15 వేలు. ఏడు శాతం వార్షిక వడ్డీకి బ్యాంకులో అదే అప్పు తీసుకుంటే సుమారు 2,900 రూపాయలే. 2008 నాటి కేంద్ర రుణమాఫీ బ్యాంకులు, సహకార సంఘాల అప్పులకే వర్తించింది. ప్రైవేటు అప్పులు అలాగే ఉండిపోయాయి. కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చేందుకు 2011లో చట్టం వచ్చినా, 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారులకే అందింది.

వలస: పంట పోయిన ఏడు మేస్త్రీ వద్ద బయానా తీసుకొని కుటుంబమంతా పనులకు తరలిపోయేది. ‘పాలమూరు లేబర్’ పేరు దేశమంతటా వినిపించడం వెనుక ఉన్న కథ ఇదే. బయానా తీరేవరకు తిరిగిరాలేరు. ఈలోగా భూమి పడావు పడుతుంది.

మాఫీ ఒక ఏటి బాకీని తీర్చగలదు. విత్తే నాటికి బ్యాంకు రుణం, చెరువులో నీరు, కౌలు రైతుకు గుర్తింపు లేనిచోట మరుసటి ఏడు అప్పు మళ్లీ మొదలవుతుంది.