మోడల్ రైలు ఇంజను కదలకపోవుట

మోడల్ రైలు ఇంజను కదలకపోవుట విద్యుత్తుతో నడిచే నమూనా రైళ్ళలో తరచుగా ఎదురయ్యే లోపం. కంట్రోలరు మీటను తిప్పినా ఇంజను ఉన్నచోటనే ఉండిపోవడం, చేతితో నెట్టినపుడు మాత్రమే కొంచెం సాగి ఆగిపోవడం, చప్పుడు చేస్తూ కదలకుండా ఉండడం దీని ముఖ్య లక్షణాలు. అనేక సందర్భాలలో దోషం ఇంజను లోపల కాక, విద్యుత్తు మోటారును చేరే దారిలో ఉంటుంది. అందువలన పరీక్షను బయటి నుండి లోపలికి వరుసగా జరపవలెను. ఇంజను పైతొడుగును విప్పడం ఈ వరుసలో చివరి మెట్టు. తొందరపడి ముందే విప్పినచో సన్నని తీగలు తెగి, ప్లాస్టిక్ కొక్కేలు విరిగి, బాగున్న ఇంజను కూడా పాడయ్యే ప్రమాదం ఉన్నది.

ఈ వ్యాసం ప్రధానంగా హెచ్ఓ కొలతకు చెందిన రెండు పట్టాల ఇంజన్లకు సంబంధించినది. హెచ్ఓ అనగా అసలు రైలులో 87వ వంతు పరిమాణం. దీని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. బ్రిటన్‌లో ప్రచారంలో ఉన్న ఓఓ కొలత (76వ వంతు) ఇంజన్లు కూడా ఇదే వెడల్పు గల పట్టాలపై నడుస్తాయి. 9 మిల్లీమీటర్ల వెడల్పు గల ఎన్ కొలతకు కూడా ఇక్కడ చెప్పిన సూత్రాలే వర్తిస్తాయి.

విద్యుత్తు నడిచే దారి

రెండు పట్టాల పద్ధతిలో ఒక పట్టా ధన ధ్రువంగా, రెండవది ఋణ ధ్రువంగా పనిచేస్తాయి. కంట్రోలరు సుమారు 0 నుండి 12 వోల్టుల వరకు ఏకముఖ విద్యుత్తును పట్టాలకు అందిస్తుంది. వోల్టేజి పెరిగిన కొద్దీ వేగం పెరుగుతుంది. ధ్రువాలు తారుమారైతే ఇంజను వెనుకకు నడుస్తుంది.

ఇంజను కదలాలంటే విద్యుత్తు కంట్రోలరు, తీగలు, పట్టా, చక్రం, చక్రాన్ని తాకే రాగి రేకు, లోపలి తీగ, బ్రష్షు, కమ్యుటేటర్, మోటారు చుట్ట అనే వరుసలో ప్రయాణించి, ఎదుటి పక్క నుండి అదే విధంగా తిరిగి రావలెను. ఆ తరువాత మోటారు భ్రమణం వర్మ్ గేరు, పళ్ళచక్రాల ద్వారా ఇంజను చక్రాలకు చేరవలెను. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తెగినా ఇంజను కదలదు. తెగిన లంకెను గుర్తించుటయే మరమ్మత్తులో ముఖ్యమైన పని.

ముందు జాగ్రత్తలు

* కదలని ఇంజనుకు ఎక్కువసేపు విద్యుత్తు ఇవ్వరాదు. తిరుగుతున్న మోటారులో వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం పుట్టి ప్రవాహాన్ని అదుపు చేస్తుంది. మోటారు నిలిచిపోయినపుడు ఆ బలం ఉండదు కనుక ప్రవాహం గరిష్ఠమై చుట్ట కాలిపోవచ్చు.
* చక్రాలను వేలితో బలవంతంగా తిప్పరాదు. వర్మ్ గేరు సాధారణంగా మోటారు వైపు నుండి మాత్రమే తిరుగుతుంది. చక్రం వైపు నుండి బలం ప్రయోగిస్తే పళ్ళు విరుగుతాయి.
* ఇంటి విద్యుత్తుకు కలిపే పెట్టెను విప్పరాదు. లోపల 230 వోల్టులు ఉంటాయి.
* అమెరికా నుండి తెచ్చిన రైలు సెట్టును భారతదేశంలో ప్లగ్గులో పెట్టే ముందు అడాప్టరుపై ముద్రించిన వోల్టేజిని చదవవలెను. 120 వోల్టులకు మాత్రమే తయారైన పెట్టె 230 వోల్టులకు కాలిపోతుంది. 100–240 అని ఉన్నచో భయం లేదు.

మొదటి ప్రశ్న: దోషం ఇంజనుదా, పట్టాలదా?

అదే చోట, అదే పట్టాపై బాగా నడిచే మరొక ఇంజనును నిలిపి చూడవలెను. అది నడిస్తే దోషం మొదటి ఇంజనుది. అదీ నడవకపోతే దోషం పట్టాలది లేదా సరఫరాది. రెండవ ఇంజను లేనివారు కంట్రోలరు నుండి రెండు తీగలు తీసి, వాటి కొనలను ఎదురెదురు పక్కల ఉన్న చక్రాలకు నేరుగా తాకించవచ్చు. కంట్రోలరుపై కూడా సందేహం ఉంటే 9 వోల్టుల చిన్న బ్యాటరీ సరిపోతుంది. ఇవి సాధారణ ఏకముఖ విద్యుత్తు ఇంజన్లకు మాత్రమే చేయదగిన పరీక్షలు.

ఈ ఒక్క పరీక్షతో వెతకవలసిన ప్రదేశం సగానికి తగ్గుతుంది.

సరఫరా, పట్టాల పరీక్ష

కొన్ని కంట్రోలర్లకు రెండు జతల టెర్మినళ్ళు ఉంటాయి. ఒకటి పట్టాలకు ఏకముఖ విద్యుత్తును ఇచ్చేది. రెండవది దీపాలు, పాయింట్ల మోటార్ల కోసం సుమారు 16 వోల్టుల ఏకాంతర విద్యుత్తును ఇచ్చేది. పట్టాలను పొరపాటున రెండవ జతకు కలిపితే ఇంజను జుమ్మని మ్రోగుతుంది కాని కదలదు, త్వరగా వేడెక్కుతుంది.

పట్టాలపై వోల్టేజిని మల్టీమీటరుతో కొలవవచ్చు. అయితే మీటరు అతి స్వల్ప ప్రవాహాన్ని మాత్రమే తీసుకుంటుంది. అందువలన అతుకు వద్ద నిరోధం ఎక్కువగా ఉన్నప్పటికీ మీటరు 12 వోల్టులనే చూపుతుంది. ఇంజను నిలపగానే ఓం నియమం ప్రకారం ఆ వోల్టేజి అతుకు వద్దనే ఖర్చైపోతుంది. కనుక పట్టాలకు 12 వోల్టుల, 5 వాట్ల కారు బల్బును కలిపి కొలవడం మేలు. బల్బు మసకగా వెలిగిన చోటికి ముందున్న అతుకే దోషి. ఫిష్‌ప్లేట్లు వదులు కావడం, తుప్పు పట్టడం దీనికి సాధారణ కారణాలు. పెద్ద లేఅవుట్లలో అతుకులపై ఆధారపడక, సుమారు మీటరుకొకటి చొప్పున పట్టాలకు విడిగా తీగలను సోల్డరు చేస్తారు.

పాయింట్ల వద్ద మరొక చిక్కు ఉన్నది. కొన్ని రకాల పాయింట్లు తాము తెరచి ఉన్న మార్గానికే విద్యుత్తును పంపుతాయి. సైడింగ్‌లో నిలిపిన ఇంజను కదలకపోతే, ముందుగా పాయింటు ఏ వైపుకు ఉన్నదో చూడవలెను. ఇది లోపం కాదు, ఏర్పాటు. పట్టాలు ఒకదానినొకటి దాటే చోట ప్లాస్టిక్ ముక్క ఉన్న పాయింట్లపై నాలుగు చక్రాల చిన్న ఇంజన్లు ఆగిపోవడం కూడా సహజం.

రైలు తిరిగి అదే పట్టాపైకి వచ్చే వలయాకార మార్గం కొత్తగా వేసినచో రెండు ధ్రువాలు కలిసిపోయి షార్ట్ సర్క్యూట్ ఏర్పడుతుంది. దాని నివారణకు వలయంలోని రెండు పట్టాలనూ ఇరుచివరల విడదీసి, ధ్రువాలు మార్చే స్విచ్చు పెట్టవలెను.

మురికి

కదలని ఇంజన్లలో అధికభాగం శుభ్రం చేయగానే నడుస్తాయి. ఆధునిక పట్టాలను నికెల్ సిల్వర్‌తో చేస్తారు. పేరులో వెండి ఉన్నా ఇది రాగి, జింకు, నికెల్‌ల మిశ్రమ లోహం. ఇత్తడి పట్టాలతో పోలిస్తే దీనికి మురికి వలన వాహకత తగ్గడం తక్కువ. అయినప్పటికీ దుమ్ము, నూనె, చక్రాల వద్ద పుట్టే నిప్పురవ్వల మసి కలిసి నల్లని పొరగా పేరుకుంటాయి.

పట్టాలను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన గుడ్డతో తుడవవలెను. ఉప్పుకాగితం వాడితే గీతలు పడి, ఆ గీతలలో మురికి మరింత చేరుతుంది. ఉక్కుపీచు అసలు వాడరాదు. దాని ముక్కలను మోటారులోని అయస్కాంతం లాగుకొంటుంది.

చక్రాలను శుభ్రపరచుటకు, ఆల్కహాలుతో తడిపి బాగా పిండిన గుడ్డను పట్టాలపై పరచి, ఒక వైపు చక్రాలను గుడ్డపైన, మరొక వైపు చక్రాలను పట్టాపైన ఉంచి, ఇంజనును చేతితో పట్టుకొని విద్యుత్తు ఇవ్వవలెను. తరువాత ఇంజనును తిప్పి పెట్టవలెను. ఆల్కహాలు మండే స్వభావం కలది కనుక గుడ్డ చెమ్మగా మాత్రమే ఉండవలెను, గదిలో గాలి ఆడవలెను. అసిటోన్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది కనుక పనికిరాదు.

లక్షణాలను బట్టి కారణాలు

* దీపం వెలగదు, చప్పుడు లేదు: విద్యుత్తు ఇంజనులోకి చేరడం లేదు. పట్టా, చక్రాలు, రాగి రేకులు చూడవలెను.
* దీపం వెలుగుతుంది, చప్పుడు లేదు: బ్రష్షులు అరిగిపోవడం, లోపలి తీగ తెగడం, చుట్ట తెగడం.
* మోటారు మ్రోగుతుంది కాని తిరగదు: గేర్లలో అడ్డు, గట్టిపడిన గ్రీజు, లేదా ఏకాంతర విద్యుత్తు.
* మోటారు తిరుగుతుంది కాని చక్రాలు తిరగవు: గేరు పగలడం, మోటారును గేర్లకు కలిపే షాఫ్టు జారిపోవడం.
* చక్రాలు తిరుగుతాయి కాని ఇంజను సాగదు: చక్రాలపై ఉండే రబ్బరు పట్టీలు ఊడిపోవడం, బరువు ఎక్కువ కావడం.
* కంట్రోలరులో ఎర్రదీపం వెలుగుతుంది: షార్ట్ సర్క్యూట్. పట్టాలపై లోహపు వస్తువు, పట్టా తప్పిన చక్రం, తారుమారైన తీగ.

పాతవి కొనేవారు మరొక విషయం గుర్తుంచుకోవలెను. రెండు ఇంజన్ల జోడీలో అలంకారానికై మోటారు లేని డమ్మీ ఇంజన్లను కూడా తయారుచేసేవారు. వాటిని ఎంత పరీక్షించినా కదలవు.

ఇంజను లోపల

పై పరీక్షలన్నీ ముగిసిన తరువాతనే తొడుగు విప్పవలెను. తెల్లని పళ్ళెంలో విప్పి, ప్రతి మెట్టునూ ఫోటో తీసుకొనడం మంచిది.

ముందుగా బ్యాటరీ తీగలను మోటారు కొనలకే తాకించవలెను. మోటారు తిరిగితే దోషం చక్రాలకు, మోటారుకు మధ్యనున్న తీగలలో లేదా రేకులలో ఉన్నది. వంగిన రేకును మెల్లగా సర్ది చక్రాన్ని తాకేటట్లు చేయవలెను.

మోటారు తిరగకపోతే దానిని గేర్ల నుండి విడదీసి మరల చూడవలెను. విడిగా తిరిగితే దోషం గేర్లది. అప్పుడూ తిరగకపోతే బ్రష్షులను, కమ్యుటేటర్‌ను పరిశీలించవలెను. కమ్యుటేటర్ పలకల మధ్య సందులలో కార్బన్ పొడి చేరితే పుల్లతో తీసివేయవచ్చు. మూడు ధ్రువాల మోటారులో ఒక చుట్ట తెగితే అది కొన్ని స్థానాలలో ఆగిపోయి, కదిలిస్తే మరల తిరుగుతుంది. పాత మోటార్లలో ఆర్మేచరును బయటకు తీసినచో అల్నికో అయస్కాంతం బలహీనపడవచ్చు కనుక అవసరం లేనిదే తీయరాదు.

గేర్లలో గట్టిపడిన గ్రీజును తుడిచి, ప్లాస్టిక్‌కు హాని చేయని తేలిక నూనెను సూదిమొనతో ఒక్క చుక్క వేయవలెను. కొబ్బరినూనె తగదు, అది సుమారు 24 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే గడ్డకడుతుంది. ఇరుసుపై బిగించిన ప్లాస్టిక్ గేరు కాలక్రమేణా నిలువుగా చీలవచ్చు. జిగురు నిలువదు, గేరును మార్చడమే మార్గం.

రెండవ ప్రపంచయుద్ధానికి పూర్వపు ఇంజన్లలో జింకు మిశ్రమ లోహపు పోతలు ఉబ్బి, పగుళ్ళు బారి, గేర్లను బిగించివేస్తాయి. లోహంలో సీసం వంటి మలినాలు కలియడం దీనికి కారణం. ఈ వ్యాధికి మందు లేదు; భాగాన్ని మార్చవలసినదే.

ఆవిరి ఇంజన్ల నమూనాలలో కొన్నింటికి ఇంజను ఒక పట్టా నుండి, టెండరు రెండవ పట్టా నుండి విద్యుత్తు తీసుకుంటాయి. టెండరు చక్రాల చట్రాన్ని శుభ్రపరచి తిరగేసి బిగిస్తే రెండూ ఒకే పట్టాను చేరి, ఇంజను కదలదు.

డిజిటల్ పద్ధతి ఇంజన్లు

డీసీసీ అనే డిజిటల్ పద్ధతి జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ రూపకల్పన ఆధారంగా అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో ప్రమాణీకరించినది. ఇందులో పట్టాలపై ఎల్లప్పుడూ పూర్తి వోల్టేజి ఉంటుంది. ఇంజనులోని డీకోడరు తన సంఖ్యకు వచ్చిన ఆజ్ఞను మాత్రమే పాటిస్తుంది. కనుక విద్యుత్తు సక్రమంగా ఉన్నా ఇంజను కదలకపోవచ్చు.

* కొత్త డీకోడరు సంఖ్య సాధారణంగా 3. ముందు ఆ సంఖ్యతో పిలిచి చూడవలెను.
* ఇంతకు పూర్వం జంటగా నడిపిన ఇంజనులో సీవీ 19లో జంట సంఖ్య మిగిలిపోవచ్చు. అప్పుడు ఇంజను తన సొంత సంఖ్యకు కదలదు. ఆ విలువను 0 చేయవలెను.
* సాధారణ కంట్రోలరుపై నడవాలంటే సీవీ 29లో అందుకు అనుమతి ఉండవలెను. ధ్వని గల ఇంజన్లు కొన్ని వోల్టులు దాటేవరకు కదలవు.
* అనేక డీకోడర్లలో సీవీ 8లో 8 అని వ్రాస్తే మొదటి స్థితికి వస్తాయి. తయారీదారు పుస్తకం చూసి చేయవలెను.

డీకోడరు లేని ఇంజనును డీసీసీ పట్టాలపై నిలుపరాదు. అది మ్రోగుతూ వేడెక్కి కాలిపోవచ్చు.

మూడు పట్టాల పద్ధతి

జర్మనీకి చెందిన మెర్క్లిన్ సంస్థ హెచ్ఓ రైళ్ళలో రెండు పట్టాలూ ఒకే ధ్రువం. రెండవ ధ్రువం మధ్యనున్న మొలకల వరుస. అందువలన రెండు పట్టాల ఇంజను దానిపై కదలదు. దాని ఇంజనును రెండు పట్టాల మార్గంపై నిలిపితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

నివారణ

నెలల తరబడి పెట్టెలో ఉంచిన ఇంజనును అప్పుడప్పుడు తీసి కొద్ది నిమిషాలు రెండు దిశలలో నడపవలెను. గ్రీజు గట్టిపడదు, బ్రష్షులు అంటుకోవు. సముద్రతీర ప్రాంతాలలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాన్ని పెట్టెలో ఉంచడం మంచిది. చేసిన మరమ్మత్తును, తేదీని ఒక చీటీపై వ్రాసి పెట్టెలో ఉంచితే మరుసారి వెతుకులాట తగ్గుతుంది.

ఇవి కూడా చూడండి

* విద్యుత్ మోటారు
* ఓం నియమం
* రైలు ఇంజను
* మల్టీమీటరు