అచ్చమాంబ వెదకిన చరిత్ర

స్త్రీల చరిత్రను ఒక గ్రంథంగా కూర్చవలెనని పూనుకొన్న తొలి తెలుగు మహిళ ఏ పాఠశాలలోను చదువుకొన్నవారు కారు. ఆమె భండారు అచ్చమాంబగారు. 1874లో నాటి కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. తండ్రి ఆమె చిన్ననాడే గతించారు. పదవయేట వివాహమైనది. భర్త మాధవరావుగారి ఉద్యోగం మధ్యపరగణాలలో. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు నాగపూరులో అక్కగారి యింటనే ఉండి చదువుకొన్నారు. తమ్ముడు చదువుతూ ఉండగా అక్కగారు ప్రక్కన కూర్చుండి నేర్చుకొన్నారు. తెలుగు, హిందీ, మరాఠీ భాషలు ఆ విధంగానే పట్టుబడినవి. పిమ్మట బెంగాలీ, గుజరాతీ, సంస్కృతాలలో కూడ కొంత ప్రవేశం సంపాదించారు. విజ్ఞాన చంద్రికా మండలి స్థాపకులుగా, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వ నిర్మాతగా లక్ష్మణరావుగారి పేరు ఆంధ్రులందరు ఎరుగుదురు. ఆ యింట రెండవ పీటపై కూర్చున్న విద్యార్థిని పేరు మాత్రం చాలకాలం కొద్దిమందికే తెలిసి ఉండినది.

ఆమె గ్రంథం పేరు అబలా సచ్చరిత్ర రత్నమాల. మొదటి భాగం 1901లో వెలువడినది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ చింతామణి ద్వారా దానిని ప్రకటించారు. గ్రంథ ప్రయోజనాన్ని రచయిత్రి దాచుకొనలేదు. స్త్రీలు స్వభావంచేతనే బలహీనులు, వివేకం లేనివారు అని ఆనాడు లోకంలో ఒక అపవాదు. విద్య నేర్పితే చెడిపోతారని ఇంకొక అపవాదు. ఈ రెండింటికీ సమాధానం చెప్పటమే ఆమె ఉద్దేశం. వాదించి గెలువవచ్చును; ఆమె ఆ మార్గం త్రొక్కక నిదర్శనాలు చూపదలచారు. గ్రంథాన్ని మూడు భాగాలుగా సంకల్పించి, చరిత్రకెక్కిన భారతస్త్రీలను మొదటి భాగంలో ఉంచారు. వేద పురాణాలలోని స్త్రీలకు తరువాతి స్థానం, విదేశీయ వనితలకు మూడవ స్థానం ఇచ్చారు. ఈ వరుసను మనం గమనించవలె. సీతా సావిత్రులను ముందు నిలిపితే చదువరులు నమస్కరించి పుస్తకం మూసివేస్తారు. జీవించి, రాజ్యమేలి, శాస్త్రం చదివి, గ్రంథాలు వ్రాసిన మానవస్త్రీలను ముందు నిలిపితే, "మరి నేడెందుకు కాకూడదు?" అనే ప్రశ్న దానంతట అదే పుట్టుతుంది.

ఆమె ఈ పని చేసినది తీరిక సమయంలో కాదు. కన్నబిడ్డలు పసితనంలోనే పోయారు. ఆ దుఃఖంలో పరుల బిడ్డలను ఇంట చేర్చుకొని పోషించారు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీసమాజం నెలకొల్పారు. అదే సంవత్సరం హిందూ సుందరి పత్రికలో ప్రకటించిన ధనత్రయోదశి కథను తెలుగు కథానికా చరిత్రకారులు నేడు ముందువరుసలో లెక్కిస్తున్నారు. 1905 జనవరిలో, ముప్పది ఏండ్లైనా దాటీ దాటకుండగానే, ఆమె మరణించారు. సంకల్పించిన మూడు భాగాలు పూర్తి కాలేదు.

ఆమె గ్రంథానికి ఒక పరిమితి ఉన్నది. అది పేరులోనే ఉన్నది. "సచ్చరిత్ర" అన్నప్పుడు సత్ అని నిర్ణయించేవారెవరు? స్త్రీకి విద్య కావలెనంటే, ముందు ఆమె శీలానికి పూచీ చూపవలసిన కాలమది. అచ్చమాంబగారు ఆ న్యాయస్థానంలోనే నిలబడి వాదించారు. వేరొక న్యాయస్థానం అప్పటికి లేదు.

ఐదేండ్లు గడిచిన తరువాత ఆ ప్రశ్ననే మరొక విదుషి ఎదుర్కొన్నారు. బెంగుళూరు నాగరత్నమ్మగారు గాయనిగా, తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మందిరం కట్టించిన భక్తురాలిగా మనకు సుపరిచితులు. గ్రంథ పరిష్కర్తగా అంత సుపరిచితులు కారు. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలోని ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనము ఆమె చేతికి వచ్చినది. అంతకు మునుపు అచ్చయిన ప్రతిని వ్రాతప్రతితో పోల్చి చూడగా, కవయిత్రి తన్ను గురించి, తన వంశాన్ని గురించి చెప్పుకొన్న పద్యాలు అచ్చుప్రతిలో లేవు! ఒక వేశ్య తన వంశంలోని స్త్రీలను స్మరించి కావ్యం ఆరంభించటం సంపాదకునికి అనవసరమని తోచి ఉండవచ్చును. నాగరత్నమ్మగారు వాటిని చేర్చి, 1910లో వావిళ్లవారి ద్వారా సమగ్రంగా ప్రకటింపజేశారు.

ఇక్కడ ఒక విచిత్రం. అచ్చమాంబగారి గ్రంథాన్ని ఆదరించిన వీరేశలింగంగారే, ముద్దుపళని కావ్యాన్ని స్త్రీ వ్రాయదగనిదని తీవ్రంగా నిందించారు. నాగరత్నమ్మగారు పీఠికలో బదులు చెప్పారు: సిగ్గు స్త్రీలకేనా, పురుషులకు లేదా? పంతులుగారు స్వయంగా అంగీకరించిన వైజయంతీ విలాసం వంటి కావ్యాలలో ఇంతకంటె మోటైన శృంగారం లేదా? ఇవి ఆమె ప్రశ్నల సారాంశం. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని అశ్లీలమని నిషేధించినది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రభుత్వానికి నాయకులైన రోజులలో గాని ఆ నిషేధం తొలగలేదు.

ఊటుకూరి లక్ష్మీకాంతమ్మగారి ఆంధ్ర కవయిత్రులు ఈ కృషికి కొనసాగింపే. అది ప్రత్యేకంగా ఒక ప్రసంగానికి తగిన విషయం.

ఇంతవరకు చెప్పినది వ్రాతలో మిగిలిన స్త్రీలను గురించి. వ్రాతలో లేనివారి సంగతి ఏమి? మా వృత్తిలోని అనుభవం ఒకటి చెపుతాను. ఒక పల్లెలో ఒక వృద్ధురాలి మాటలు ధ్వనిముద్రణ చేయటానికి వెళ్లాము. అరగంటసేపు ఆమె తన భర్త సంగతులే చెప్పారు. యంత్రం ఆపిన తరువాత, "నా సంగతి వేరు నాయనా" అని మొదలుపెట్టారు. యంత్రాన్ని మరల త్రిప్పేలోగా కుమారుడు లోపలికి వచ్చాడు. ఆమె కాఫీ సంగతి అడిగి ఊరకున్నారు.

ఈ మౌనాన్ని ఓపికతో దాటిన గ్రంథం 1986లో హైదరాబాదు నుండి వెలువడినది. దాని పేరు మనకు తెలియని మన చరిత్ర. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను, స్త్రీశక్తి సంఘటన అనే బృందంలోని విద్యావంతులైన మహిళలు కలుసుకొని, వారి మాటలు విని, ఆ మాటలలోనే అచ్చువేశారు. మల్లు స్వరాజ్యంగారి వలె ఉపన్యాసాలతో ప్రజలను కదిలించినవారు అందులో ఉన్నారు. దళంలో ఉండి కన్నబిడ్డను పరుల చేతికి విడువవలసివచ్చిన కమలమ్మ కూడ ఉన్నారు. పోరాట చరిత్రలు అదివరకే కొన్ని ఉన్నవి. వాటిలో త్యాగం ఉన్నది, వీరం ఉన్నది. బిడ్డను విడిచిన తల్లికి ఆ రాత్రి ఎట్లు గడిచినదో లేదు. పోరాటం ముగియగానే మీరిక ఇండ్లకు వెళ్లుడని చెప్పినప్పుడు ఈ స్త్రీలకు ఏమి తోచినదో కూడ లేదు. వంటింటికి మరలినవారు కొందరు, మరలలేక ఒంటరులైనవారు కొందరు. ముప్పదియేండ్లకు పైగా ఎవరూ అడుగని ఆ సంగతులను, అడిగినవారికి వారు చెప్పారు.